విద్యార్థి ఋణము - శాసనకర్తల మౌనము
(గ్రంథాలయ సభలో చేసిన యుపన్యాసము)



చదువునుగూర్చి మాటలాడుమని ఈ గ్రంథాలయ కార్యదర్శిగారు మమ్ము కోరిరి. చదువు మహిమను వర్ణించుటకు పండితులు కలరు. మేము న్యాయవాదులము. పత్రములు, పద్దులు, ప్రోనోటులు మా వృత్తి. కావున చదువుకొఱకు చేయు ఋణమునుగూర్చియు, ఆ ఋణము విషయమై మన శాసనకర్తలు వహించిన మౌనమునుగూర్చియు నాలుగు మాటలు మనవిచేసెదము.

పూర్వము మన యిండ్లలో పంట పోయినప్పుడును, పిల్ల పెండ్లి చేసినప్పుడును, రోగము వచ్చినప్పుడును అప్పు పుట్టుచుండెను. ఇప్పుడు చదువు నాలుగవ కారణమై వచ్చి చేరినది. తక్కిన మూడును గృహస్థుని పేర వ్రాయబడును. ఇదియో, ఇంకను సంపాదన యెఱుగని బిడ్డ పేర వ్రాయబడుచున్నది. తండ్రి సహఋణస్థుడుగా ప్రక్కన సంతకము చేయుచున్నాడు.

ఈ ఋణమెట్లు పెరుగునో ఒక లెక్క వేసి చూతము. నాలుగేండ్ల చదువునకు ఏటికి 2.5 లక్షల చొప్పున 10 లక్షల రూపాయలను, నూటికి ఏటా 10 రూపాయల వడ్డీకి తీసికొనిరనుకొనుడు. చదువు ముగియువఱకును, అటుపిమ్మట నొక సంవత్సరమువఱకును వాయిదా కట్టనక్కఱలేదని బ్యాంకువారు చెప్పుదురు. నిజమే, కాని వడ్డీకి నిద్ర లేదు. ఆ గడువు తీరునప్పటికి సుమారు 3.5 లక్షల వడ్డీ అసలులో కలియును. ఆ 13.5 లక్షలను 15 సంవత్సరములలో తీర్చుటకు నెలకు సుమారు 14,500 రూపాయలు కట్టవలయును. తుదకు కట్టిన మొత్తము 26 లక్షలు దాటును. పదునెనిమిదవ యేట చేసిన సంతకము ముప్పదియెనిమిదవ యేటివఱకు మనుష్యుని వెన్నాడును.

ఈ భారము బీదలపై పడకుండుటకే 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్సుమెంటు పథకము ఏర్పడినది. దానివలన కూలివాని బిడ్డలును, చేనేతవాని బిడ్డలును పట్టభద్రులైరి; ఆ మేలును మఱవరాదు. కాని వాగ్దానము వేఱు, చెల్లింపు వేఱు. సర్కారువారు సకాలమున సొమ్ము పంపరు. కళాశాలవారు తండ్రిని పట్టుకొందురు. తండ్రి బజారు వడ్డీకి అప్పు తెచ్చును. ఈ విధముగా సర్కారు బాకీ సంసారి బాకీగా మాఱుచున్నది. రాష్ట్రము రెండైనను, పక్షములు మాఱినను ఈ యాలస్యము మాఱలేదు. 2025 నవంబరులో తెలంగాణమునందు ఈ బకాయిల నిమిత్తమే ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసికొన్నవి. ఇయ్యవలసినది ప్రభుత్వము, పుచ్చుకొనవలసినది కళాశాల; పాఠము పోగొట్టుకొన్నది మాత్రము విద్యార్థి!

ఇంతటితో తీరదు. ఫీజు చెల్లలేదని అసలు సర్టిఫికెట్లను బీరువాలో పెట్టి తాళము వేయు కళాశాలలు కలవు. అసలు పత్రములను నిలిపియుంచరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు, అనగా యు.జి.సి.వారు, 2018లోనే ఉత్తరువు చేసియున్నారు. సర్టిఫికెటు తాకట్టు వస్తువు కాదు. పనిముట్టును జప్తుచేసి కూలి తెచ్చి బాకీ కట్టుమనుట యేమి న్యాయము?

ఇక ధర్మశాసనము సంగతి వినుడు. అప్పులలో మునిగినవాడు కోర్టులో ఐ.పి. పెట్టుట మీరెఱిగినదే. మన జిల్లాలలో దానికాధారము 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము. కోర్టు విముక్తి నిచ్చినను తీరని బాకీలను ఆ చట్టము పేర్కొన్నది. అవి సర్కారునకు చెల్లవలసినవి, మోసముతో చేసినవి, మనోవర్తి మొదలగునవి. పరప్రభుత్వమువారు వ్రాసిన ఆ జాబితాలో విద్యార్థి పేరు లేదు. స్వతంత్ర భారత పార్లమెంటు 2016లో కొత్త దివాలా స్మృతిని నిర్మించినది. దాని 79వ సెక్షనులో అట్టి జాబితాయే మరల కలదు: కోర్టు విధించిన జుల్మానా, అజాగ్రత్తచేత కలిగించిన నష్టమునకు పరిహారము, మనోవర్తి, వీనితోపాటు విద్యార్థి ఋణము! చదువుకొన్న నేరమునకు మన పిల్లలను అపరాధుల వరుసలో నిలువబెట్టిరి.

అదే స్మృతి క్రింద కంపెనీలు పరిష్కారము పొందినప్పుడు ఋణదాతలకు దక్కినది మొత్తముమీద వారడిగినదానిలో మూడవ వంతునకు సమీపము. తక్కినది మాఫియే. పెద్ద వ్యాపారమునకు రెండవ జన్మ కలదు గాని ఉద్యోగము దొరకని పట్టభద్రునకు లేదు.

ఆ స్మృతిలో సామాన్య వ్యక్తులకు సంబంధించిన భాగము ఇంకను అమలులోనికి రాలేదు. అందువలన ఈ ముల్లు ఇంకను గ్రుచ్చుకొనలేదు. గ్రుచ్చుకొనకమునుపే పెఱికివేయుట సులభము. అమెరికావారి యనుభవము మన యెదుట నున్నది. విద్యార్థి ఋణమునకు దివాలాలో విముక్తిని వారు 1976లో మొదట కొన్నేండ్లకు అడ్డగించిరి. 1998లో ఆ గడువును తీసివేసి, దుర్భరమైన కష్టమును కోర్టులో రుజువుచేసినవానికిగాని విముక్తి లేదనిరి. నేడచ్చట 4 కోట్లకు పైబడిన జనులు 1.6 లక్షల కోట్ల డాలర్లకు మించి బాకీపడియున్నారు. 2022లో అధ్యక్షుడు కొంత మాఫీని ప్రకటింపగా, 2023లో వారి సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. ముడి బిగిసిన పిమ్మట విప్పుట యెంత కష్టమో చూచితిరా?

మఱి ప్రభుత్వము తలచినచో ఏమి చేయగలదు? మన చరిత్రయే చెప్పుచున్నది. 1938లో మద్రాసు రాజధానిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము రైతుఋణ విమోచన చట్టమును తెచ్చినది. అప్పుడు మన యాంధ్ర జిల్లాలును ఆ రాజధానిలోనివే. 1932 అక్టోబరునకు పూర్వపు అప్పులకు నిలిచియున్న వడ్డీ రద్దయినది. అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో బాకీ యంతయు తీరినట్లే. పూర్తి స్వాతంత్ర్యము లేని శాసనసభ ఆ పని చేయగలిగినది. సర్వాధికారములు గల నేటి సభలు చేయలేవా? పైన మేము వేసిన లెక్కకు ఆ న్యాయమే వర్తించినచో, 20 లక్షలు కట్టిననాడే ఆ బిడ్డ ఋణము తీరియుండును.

మేము ఉచితముగా సొమ్ము పంచిపెట్టుమని కోరుట లేదు. తీర్పగలవాడు తీర్పవలసినదే. మేము కోరునవి నాలుగు. ఒకటి, దివాలా స్మృతిలోని ఆ జాబితానుండి విద్యార్థి ఋణమును తొలగింపవలయును. రెండు, విద్యార్థి కట్టిన మొత్తము అసలునకు రెట్టింపైనంతనే బాకీ తీరినట్లెంచవలయును. మూడు, ఫీజు సొమ్మును ఏటేట నిర్ణీత తేదీకి చెల్లించుట ప్రభుత్వమునకు చట్టబద్ధమైన విధి కావలయును. నాలుగు, సర్టిఫికెట్లను నిర్బంధించువారికి శిక్ష నిజముగా జరుగవలయును.

ఈ నాలుగింటికిని కొత్త ఖజానా అక్కఱలేదు. కొంచెము లజ్జయు, కొంచెము పూనికయు చాలును. ఎన్నికలలో ప్రతి పక్షమువారును మీ వాకిటికి వత్తురు. విద్యార్థి ఋణము మాట యేమని అడుగుడు. రేపు చూతమన్నచో తేదీ చెప్పుమనుడు. నేడే ఈ గ్రంథాలయమునుండి ఒక మహజరు వ్రాసి, సంతకములు చేసి, మన పార్లమెంటు సభ్యునికిని, శాసనసభ్యునికిని పంపుదము. దాని ముసాయిదాను మేము తెచ్చియున్నాము, బల్లమీద నున్నది. సంతకము చేయక యెవరును వెళ్ళవలదని ప్రార్థించుచున్నాము.