జలాశయపుటొడ్డున రెండు దినములు
(ఆండిపట్టి తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



దీపావళి గడచిన పిమ్మట, కార్తికమాసమున వచ్చు ఒక శనివారమును ఆదివారమును మన కుటుంబములవారందరును వైగై జలాశయపుటొడ్డున నడచి పక్షులను చూడవలెనని సంఘమువారు నిశ్చయించియున్నారు. పక్షులను గూర్చి బాగుగా తెలిసిన యొకరు దారి చూపుటకు వెంట వచ్చెదరు. ఆ రెండు దినములలో మనమేమి చూడగలము, ఎట్లు చూడవలెను అను సంగతులను ముందుగా చెప్పుమని నన్ను కోరిరి. అవి చెప్పి, తుదకొక మనవి చేసికొందును. నిజమునకు ఆ మనవి కొరకే నేనీ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

మొదట ఆ తావును గూర్చి రెండు మాటలు. వరుసనాడు కొండలలో పుట్టిన వైగై నదికి అడ్డముగా, మన ఆండిపట్టికి చేరువనే, ఈ ఆనకట్ట కట్టబడినది. 1959వ సంవత్సరము జనవరి 21వ తేదీన నాటి మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి శ్రీ కామరాజుగారు దీనిని ప్రారంభించిరి. కట్ట యెత్తు 111 అడుగులు. నీటిని 71 అడుగుల మట్టము వరకు నిలుపవచ్చును. 1895లో పూర్తియైన పెరియారు ఆనకట్ట నుండి కొండను తొలిచిన సొరంగము గుండ ఇవతలికి వచ్చు నీరును తుదకు దీనినే చేరుచున్నది. మదుర సీమ పొలములకు సాగునీరు, మదుర నగరమునకు త్రాగునీరు దీనినుండియే పోవును.

ఈ జలాశయమునకు నిండా డెబ్బది యేండ్లు లేవు. మన పూర్వులు విజయనగర ప్రభువుల కాలమునను, పిదప మదుర నాయకుల కాలమునను ఈ సీమకు వచ్చి నిలిచినవారు. అనగా ఈ నీటికంటె మన కుటుంబములు ఇచట ఎంతయో ప్రాతవి. అయినను నీటిపక్షులు మాత్రము ఈ సీమకు క్రొత్తవి కావు. ఇచటివారు కణ్మాయి యని పిలుచు చెరువులు జలాశయమునకు ముందే ఉండెను. ఆ చెరువులను నమ్ముకొని పక్షులుండెను. ఆ పక్షులకు మన యిండ్లలో తెలుగు పేర్లుండెను. ఈ కడపటి మాటను జ్ఞాపకముంచుకొనగోరెదను.

ఇక శరత్కాలముననే ఏల పోవలెను? పడమటి కనుమల చాటున నున్న మనకు నైరృతి వానలు స్వల్పము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చు ఈశాన్య వానలే ముఖ్యము. అప్పుడు చెరువులు నిండును, పురుగు పుట్ర పెరుగును, చేపపిల్లలు తిరుగాడును. సరిగా అదే సమయమున ఉత్తరమున సైబీరియా, మధ్య ఆసియా, టిబెట్టు దేశములలో మంచు పడి నేల గడ్డకట్టి పక్షులకు మేత కరవగును. కావున అవి సెప్టెంబరు, అక్టోబరు నెలలలో దక్షిణమునకు దిగివచ్చి, మార్చి, ఏప్రిల్ నెలలలో తిరిగి పోవును. చలికి వెరచి వచ్చునని మనము చెప్పుకొందుము గాని, చలికంటె ఆకలియే వానిని ఎక్కువగా తరుముచున్నది.

ఈ ప్రయాణమెంతటిదో ఒక్క ఉదాహరణము చెప్పెదను. తెల్లని తలపై రెండు నల్లని అడ్డగీతలు గల పెద్దబాతు ఒకటి కలదు. మంగోలియా, టిబెట్టు ప్రాంతములలో పిల్లలను చేసి, హిమాలయములను దాటి, దక్షిణ భారతమునకు వచ్చును. చిన్న యంత్రమును దాని వీపునకు కట్టి పరిశీలించినవారు, ఏడువేల మీటర్లకు మించిన యెత్తున కూడ అది ఎగిరినట్లు కనుగొనిరి. మంగోలియాలో మెడకు గుర్తులు తొడిగి విడిచిన బాతులు దక్షిణ భారతపు చెరువులలో కనబడినవి. తిరునల్వేలి జిల్లా కూందకుళమునకు ఈ బాతులు వచ్చుట ప్రసిద్ధము. మన యొడ్డున అది కనబడునని నేను మాట ఇయ్యను. కాని మన కాళ్ళయొద్ద బురదలో తోకనాడించుచు తిరుగు గుప్పెడంత పిట్ట కూడ హిమాలయముల ఆవలినుండి వచ్చినదై యుండవచ్చునని పిల్లలకు చెప్పుడు.

ఒడ్డున నిలిచినప్పుడు అన్నిటిని ఒక్కసారి చూడబోకుడు. లోతునుండి గట్టు వరకు వరుసగా చూడవలెను. లోతునీట మునిగి చేపలు పట్టునవి నీటికాకులు, బుడబుంగలు. నీటికాకి మునిగి లేచి, రెక్కలు విప్పి ఎండలో ఆరబెట్టుకొనును. మోకాలిలోతు నీట నిలుచునవి కొంగల జాతులు. వీని ముక్కును చూచిన వీని భోజనము తెలియును. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినను నడుమ సందు మిగులును. నత్తను పట్టి గుల్లనుండి మాంసమును తీయుటకు ఆ ముక్కు తగియున్నది. తెడ్డుమూతి కొంగ ముక్కును నీటిలో ఇటునటు ఊపి మేత దేవుకొనును. ఎర్రకాళ్ళ కొంగ ముక్కును సగము తెరచి నీటిలో నుంచి, చేప తగిలినంతనే మూయును. కంకణముల వంకరముక్కు బురదలో గ్రుచ్చి వెదకుట కొరకు. ఇక తడిబురదపై పరుగిడునవి ఉల్లంకిపిట్టలు. మనుష్యుని చూచినంతనే అరచి ఊరెల్ల లేపునది తీతువు. గట్టుమీది చెట్లను, పొలములను చూచితిమేని లకుముకి, పసిరిక, పాలపిట్ట, గిజిగాడు. పైన చూచితిమేని గరుడపక్షి, వానకోవెల. ఇట్టి జలాశయముల యొద్ద కనబడునవి ఇవి.

ఒక హెచ్చరిక. జలాశయము చెరువువంటిది కాదు. దాని మట్టము వానను బట్టియు, కాలువలకు విడుచు నీటిని బట్టియు మారుచుండును. నిండుగా నున్నప్పుడు బురద మునుగును. బురదను నమ్మిన పిట్టలు ఇతర తావులకు పోవును. నీరు దిగినప్పుడు అవి మరల వచ్చును. కావున పక్షులు తక్కువగా కనబడిన నిరాశపడవలదు. ఆనాటి నీటిమట్టమును లెక్క ప్రక్కన వ్రాసికొనుడు. మట్టము వ్రాయని లెక్క సగము లెక్క.

చూచు పద్ధతి కష్టమైనది కాదు. తెల్లవారుజామున, మరల సూర్యాస్తమయమునకు ముందు చూడవలెను. ఎండ మన వీపున నుండునట్లు నిలువవలెను. తెల్లని, ఎర్రని బట్టలు మాని మట్టిరంగు బట్టలు కట్టుకొనవలెను. దుర్భిణి లేనివారు చింతింపవలదు, ముగ్గురికొకటి చాలును. గుంపు ఎగురుట చూడవలెనని రాయి విసరుట, చప్పట్లు కొట్టుట చేయరాదు. వేలమైళ్ళు ఎగిరి వచ్చిన పక్షికి ప్రతి యెగురుటయు తిన్న తిండిలో కొంత వ్యయమే. గూళ్ళున్న చెట్ల దరికి పోరాదు. చేపలు పట్టువారి వలలను త్రొక్కరాదు. ఆ నీరు వారి జీవనము. శివగంగ జిల్లాలో, 1977లో సంరక్షణాలయముగా ప్రకటింపబడిన వేట్టంగుడి చెరువుల ప్రక్కనున్న కొల్లుకుడిపట్టి, వేట్టంగుడిపట్టి గ్రామములవారు పక్షులు బెదరునని దీపావళికి టపాకాయలు కాల్చుట మానుకొనిరి. వారి సంయమముతో పోల్చిన మన రెండు దినముల మౌనము ఎంతటిది?

ఇక నా మనవి.

మన యిండ్లలోని పిల్లలు నీటియొడ్డున నిలిచి, ఏడెనిమిది విధముల పక్షులను చూచి, అన్నిటిని ‘కొక్కు’ అందురు. చదువుకొన్నవారు ఆంగ్లపు పేరు చెప్పుదురు. తమిళము మన యిరుగుపొరుగుల భాష, మన బడి భాష, మన బ్రతుకు భాష. దానిపై నాకు ఫిర్యాదు లేదు. తమిళమున కూడ ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క చక్కని పేరున్నది. మన పిల్లలకు అదియు తెలియదు. రెండు భాషల నడుమ నిలిచి, రెంటిలోను పక్షిని గుర్తింపలేని స్థితి వచ్చినది. నా బాధ అది.

పేరు పోయిన నేమి, పక్షి యున్నది గదా యని కొందరనవచ్చును. పేరు ఉత్త శబ్దము కాదు. అది ఎవరో ఓపికతో చూచి తెలిసికొన్న సంగతి. గట్టున కదలక కూర్చుండి, మనిషి దాదాపు త్రొక్కు వరకు లేవని కొంగను గుడ్డికొంగ యనిరి. అది గుడ్డిది కాదు. రంగు మట్టిలో కలియుటచే దాని ధైర్యమది. పసుల వెంట తిరిగి, వాని కాళ్ళ చప్పుడునకు లేచు పురుగులను పట్టు నల్లపిట్టను పసులపోలిగాడనిరి. నత్తగుల్ల కొంగ పేరులోనే దాని భోజనమున్నది. పసులను కాచినవారు, నారు నాటిన స్త్రీలు చేసిన పరిశీలన అది. పేరు మరచిన తరము ఆ పరిశీలనను మొదటినుండి మరల చేయవలెను.

ఈ పేర్ల విలువ నెరిగినవారు పూర్వమే ఉండిరి. నెల్లూరిలో ఉద్యోగము చేసిన థామస్ జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు 1862 మొదలు 1864 వరకు భారతదేశపు పక్షులను గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందులో పక్కపక్కనే హిందీ, తెలుగు, తమిళము మొదలగు భాషల పేర్లను చేర్చెను. ఆయన 1848లో లోకమునకు తెలిపిన పక్షియొకటి తెలుగుసీమ ముళ్ళపొదలలో తిరుగునది. దానిని కలివికోడి యందురు. 1900 తరువాత అది ఎవరికిని కనబడక, నశించినదని శాస్త్రజ్ఞులు తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దాని చిత్రమును పల్లెలలో చూపి విచారింపగా, 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతమున పిట్టలు పట్టు ఒక స్థానికుడు దానిని పట్టి తెచ్చెను. 1988లో అచట అభయారణ్యమేర్పడినది. ఎనుబదియేండ్లకు పైగా పండితులకు దొరకని పక్షి, దానిని ఎరిగిన పల్లెవాని చేతికి దొరకెను. పల్లెలను విచారించుటయే పండితులు చేసిన మంచిపని.

అయితే పేరొక్కటియే పక్షిని కాపాడదు. కొల్లేరు ప్రజలకు తమ పక్షుల పేర్లన్నియు తెలియును. అయినను చేపల చెరువులు సరస్సును ఆక్రమించినవి, 2006లో ప్రభుత్వమే గట్లను తెగగొట్టవలసివచ్చినది. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక, దూరదేశములనుండి వచ్చు పక్షులు, ముఖ్యముగా బురదయొడ్డుల పిట్టలు, తగ్గిపోవుచున్నవని చెప్పినది. మరియొకవైపు, రాయలసీమలోని వీరాపురమున ఎర్రకాళ్ళ కొంగలు ఊరిలోని చింతచెట్లపైననే గూళ్ళు కట్టుచుండగా, వాని రాక శుభమని నమ్మి గ్రామస్థులు తరతరములుగా వానిని కాపాడిరి. పేరును పక్షియు ఊరును ఒక్కచోట నున్నప్పుడు కాపాడుటకు మనుష్యులు దొరకుదురు. పేరు లేనిది తగ్గిపోయినను అడుగువారుండరు.

కావున మన నడకకు ఒక మార్గదర్శి చాలడు, ఇద్దరు కావలెను. పక్షిశాస్త్రమెరిగినవారొకరు వచ్చుచున్నారు. రెండవవారు మీ యింటనే యున్నారు. అవ్వను, తాతను వెంట తీసికొనిరండు. నడవలేనివారిని బండిలో కట్టవరకు తెచ్చి నీడన కూర్చుండబెట్టుడు. పిల్లలు చూచి వచ్చి, ముక్కెట్లున్నది, కాళ్ళ రంగేమి, ఏమి తినుచున్నది అని వర్ణించి, ‘అవ్వా, దీనినేమందురు?’ అని అడుగవలెను.

ఒక నోటుపుస్తకమున ఈ గడులు గీయుడు: తేదీయు వేళయు, స్థలమును నీటిమట్టమును, ఎన్ని పక్షులు, శాస్త్రమెరిగినవారు చెప్పిన పేరు, తమిళపు పేరు, ఇంటి పెద్దలు చెప్పిన తెలుగు పేరు. పెద్దలు చెప్పినది ఆంధ్రదేశపు పుస్తకములలోని పేరునకు భిన్నముగా నుండవచ్చును. దానిని దిద్దవలదు, విన్నట్లే వ్రాయుడు. ఒకే పేరు రెండు పక్షులకు, ఒకే పక్షికి రెండు పేర్లు వచ్చిన రెంటిని వ్రాయుడు. ఎవరికిని తెలియనిచో ఆ గడిని ఖాళీగా విడువుడు. క్రొత్త పేరు కల్పింపకుడు. ఆ ఖాళీ గడిని చూచి మరియొక యింటి అవ్వ చెప్పవచ్చును.

ఆసియా ఖండమంతట 1987 నుండి ప్రతి జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగుచున్నది. కార్తికమున చేయి తిరిగిన మన పిల్లలు జనవరిలో ఆ పనికి తోడ్పడగలరు. తెలుగు పేర్ల గడికి మాత్రము అట్టి వ్యవధి లేదు. పక్షులు వచ్చు సంవత్సరము మరల రావచ్చును; ఆ పేర్లు చెప్పగల పెద్దలు ఏటికేడు తగ్గిపోవుచున్నారు. నడక వరకు వేచియుండక, ఈ రాత్రియే ఇంటికి పోయి కొంగలెన్ని విధములో అడిగి వ్రాసికొనుడు. ఆ కాగితములను సంఘమున నిచ్చినచో ఈ పత్రికలోనే వరుసగా ప్రకటింపవచ్చును.

 శనివారమున తెల్లవారుజామున కట్టయొద్ద కలిసికొందము.