ఒక చిత్రకార కుటుంబము - ఒక చిత్రశాల
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



చిత్రలేఖనము, శిల్పము మొదలగు చేతిపనులు కులవృత్తులుగా గల మనకు నేడు విచారము రెండువిధములుగా నున్నది. పెద్దలు చేసిన పనులు పెట్టెలలో శిథిలమగుచున్నవి; వానిని చేయనేర్చిన చేతులు తగ్గిపోవుచున్నవి. ఈ రెంటికిని మార్గము వెదకుటకై అమెరికా సంయుక్తరాష్ట్రములలోని యొక కుటుంబముయొక్క చరిత్రమును తమ యెదుట నుంచుచున్నాము. పరదేశీయుల గొప్ప చెప్పి మనవారిని చిన్నబుచ్చుట మా యుద్దేశము కాదు; మనకు పనికివచ్చునది యెచ్చట నున్నను గ్రహింపవలెననియే మా తలంపు.

పెన్సిల్వేనియా రాష్ట్రమున బ్రాండీవైన్ యను నది యొడ్డున చాడ్స్ ఫోర్డ్ అను పల్లె కలదు. 1882లో జన్మించిన ఎన్. సి. వైయెత్ అను నాతడు ఇరువదియేండ్ల ప్రాయమున హోవర్డ్ పైల్ అను చిత్రకారునియొద్ద శిష్యుడై ఆ ప్రాంతమునకు వచ్చెను. పైల్ తన శిష్యులయొద్ద విద్యకై రుసుము గొనెడివాడు కాడు. 1911లో స్టీవెన్‌సన్ వ్రాసిన ‘ట్రెజర్ ఐలాండ్’ అను కథకు వైయెత్ బొమ్మలు వ్రాసి, ఆ ధనముతో 18 ఎకరముల భూమిని కొని, యిల్లును చిత్రశాలయు కట్టుకొనెను. ఆతనికి సంతానము అయిదుగురు. హెన్రియెట్, కారొలిన్ అను కుమార్తెలు చిత్రకారిణులైరి. ఆన్ సంగీతరచనయు చిత్రలేఖనమును గూడ చేసెను. నేథనియేల్ యంత్రశాస్త్రజ్ఞుడై, నేడు మనము నీళ్లు నింపుకొను ప్లాస్టిక్ సీసాను కనిపెట్టెను. కడగొట్టువాడగు ఆండ్రూ (1917–2009) తండ్రిని మించిన ఖ్యాతి గడించెను. ఆతని కుమారుడు జేమీ 1946లో జన్మించి మూడవతరమువా డయ్యెను.

ఇచ్చట మనము గమనింపవలసిన సంగతు లున్నవి. ఈ విద్య రక్తమువలన మాత్రము వచ్చినది కాదు. ఆరోగ్యము చాలక బడికి పోలేని ఆండ్రూను తండ్రి యింటనే కూర్చుండబెట్టి, మొదట ఘనములు, గోళములు వ్రాయించి, చేయి కుదిరిన పిమ్మటనే రంగుల జోలికి పోనిచ్చెను. జేమీకి అట్టి శిక్షణ నిచ్చినది మేనత్త కారొలిన్. అదియు తాతగారి చిత్రశాలలోనే. ఆడుబిడ్డకు విద్య చెప్పియుండనిచో మూడవతరమున కా గురువు దొరకియుండునా? తండ్రి తైలవర్ణములతో వ్రాయగా, ఆండ్రూ గ్రుడ్డుసొనతో రంగులు కలుపు పురాతనపద్ధతి నవలంబించెను. ఆ పద్ధతి నాతనికి నేర్పినవాడు హెన్రియెట్ భర్తయగు పీటర్ హర్డ్. అనగా అల్లుడు తెచ్చిన విద్యను మామగారి యింటివారు స్వీకరించిరి. వంశవిద్య తలుపులు బిగించుకొన్నచో నిలువదు.

1945లో, ఎన్. సి. వైయెత్ ప్రయాణించుచున్న కారును ఇంటి సమీపమున రైలు ఢీకొనగా, ఆతడును, చిన్నవాడగు మనుమడును మరణించిరి. తండ్రి రూపమును చిత్రింపకపోతినే యని ఆండ్రూ పరితపించెను. ‘వింటర్ 1946’ అను చిత్రమున ఒక బాలుడు గుట్టమీదనుండి పరుగిడుచుండును; ఆ గుట్టకు ఆవలివైపుననే తండ్రి మరణించినది. చిత్రమున తండ్రి లేడు, దుఃఖ మున్నది.

ఇక చిత్రశాల మాట. 1967లో ఆ నదీతీరమున కర్మాగారములు వెలయు భయము కలుగగా, జార్జి వేమౌత్ అను చిత్రకారుడును, ఇరుగుపొరుగువారును చేరి భూమిని కొని, సంరక్షణసంఘమును స్థాపించిరి. 1971లో, పందొమ్మిదవ శతాబ్దమునాటి పిండిమరకు మరమ్మతుచేసి, బ్రాండీవైన్ చిత్రశాలను తెరచిరి. మూడుతరముల చిత్రములు అచ్చట నొక్కకప్పుక్రింద నున్నవి. ఎన్. సి. వైయెత్ ఇల్లు, ఆండ్రూ పనిచేసిన చోటు, ఆతడు పలుమారులు చిత్రించిన కెర్నర్ వారి పొలము కూడ నేడా సంస్థ యధీనమున నుండి ప్రజలకు చూపబడుచున్నవి. 2021 సెప్టెంబరులో తుపానువలన నది పొంగి సంస్థకు నష్టము కలిగినను, చిత్రములు దక్కినవి. చిత్రములతోబాటు అవి పుట్టిన నేలనుగూడ కాపాడుట వారి విశేషము.

మనయింటికి వత్తము. తెలంగాణమున చేర్యాల నకాషీ కుటుంబములవారు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి, దానిపై కులపురాణముల పటములు వ్రాయుచు వచ్చిరి. కాకిపడగలవారు మొదలగు కథకులు వానిని విప్పి చూపుచు ఊరూర కథలు చెప్పిరి. పటము జీర్ణమైనప్పుడు దానిని నీటిలో విడిచి, క్రొత్తది వ్రాయించుట ఆచారము. ఇది భక్తియే గాని అనాదరము కాదు. అయినను, తాత గీసిన గీత యెట్టిదో మనుమడు చూచుట యెట్లు?

కావున మేము ప్రార్థించునది స్వల్పము. జీర్ణవస్తువును విడుచుటకు ముందు దానికి ఛాయాచిత్రము తీయింపుడు. చేసినవారి పేరు, ఊరు వ్రాసియుంచుడు. మన వసతిగృహములలో నొక్క గది నిందుకు కేటాయింపుడు. పాత పిండిమర చాలినప్పుడు మనకు పాలరాతిమేడ యేల? ప్రతిగ్రామమున వృద్ధుడగు నొక పనివానియొద్ద ఇద్దరు పిల్లలను, వారిలో నొక బాలికను, కూర్చుండబెట్టుడు. ఆ గురువునకు జీవనభృతి నిచ్చు భారము పోషకులు వహింతురుగాక. గోడకు వ్రేలాడదీసినది గతము. పిల్లవాని చేతిలోని కుంచె భవిష్యత్తు. రెంటిని ఒక్క గదిలో నుంచగలిగినచో ఈ మహాసభ సార్థకమగును.