తరంగంబాడిలో డెన్మార్క్ కోట

శని, ఆదివారాలు ఖాళీ దొరికితే తమిళనాడు తీరంలోని తరంగంబాడి చూసి రండి. మయిలాడుతురైలో రైలు దిగితే అక్కణ్ణుంచి బస్సులుంటాయి.

అక్కడ సముద్రానికి ఎదురుగా నిలిచింది డేన్స్‌బోర్గ్ కోట. మిరియాల వ్యాపారం కోసం వచ్చిన డెన్మార్క్ వాళ్ళు 1620లో దాన్ని కట్టడం మొదలుపెట్టారు. వాళ్ళ నౌకాధిపతి ఓవ్ గెడ్డెకు ఆ చోటిచ్చినవాడు తంజావూరు రఘునాథ నాయకుడు. అవును, తెలుగులో ‘వాల్మీకి చరిత్రము’ రాసిన ఆ కవిరాజే! ఆ ఒప్పందం బంగారు రేకు మీద రాయించారు. నేటికీ అది కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది. కోట గోడల మధ్య నిలబడి ఈ సంగతి తలచుకుంటే తెలుగువాళ్ళకు ఒళ్ళు పులకరిస్తుంది.

కింది అంతస్తులో కమాను కప్పుల గదులు. సరుకులు, మందుగుండు అక్కడే దాచేవారు, ఖైదీలనూ అక్కడే ఉంచేవారు. పైన గవర్నరు నివాసం, ఇప్పుడు మ్యూజియం. 1845లో ఊరితో సహా ఇంగ్లీషువాళ్ళకు అమ్మేశారు.

కోటతోనే వెనుదిరగకండి. దగ్గరలో పాండ్యుల కాలంనాటి మాసిలామణి నాథర్ గుడి ఉంది. అలలు దాని ముందుభాగాన్ని ఎంత కోసేశాయో కళ్ళారా చూడాలి. తమిళ కొత్త నిబంధన 1715లో అచ్చయింది కూడా ఈ ఊళ్ళోనే. అనువదించిన జర్మన్ పాదిరీ జీగెన్‌బాల్గ్ కట్టించిన చర్చి రాజవీధిలో కనిపిస్తుంది.