అంకెకు స్థానబలము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రసీదుపై 500 అని అంకె వేసి, దాని ప్రక్కనే "అక్షరాల ఐదువందల రూపాయలు మాత్రమే" అని మరల వ్రాయుచున్నాము. ఒకే మొత్తమును రెండుమారులు వ్రాయుట ఎందులకు? ఇది గుమాస్తాల చాదస్తమని కొందరు తలంతురు. కాని దీని వెనుక అంకెల చరిత్ర యంతయు ఉన్నది. అందు కొంత మీకు మనవి చేయుదుము.

మహారాష్ట్రమున జున్నరు పట్టణమునకు చేరువలో నానేఘాటు అను కనుమ కలదు. అచటి గుహలో శాతవాహనుల కాలపు శాసనమొకటి ఉన్నది. యజ్ఞములందు దక్షిణగా ఇచ్చిన గోవులు, ఏనుగులు, నాణెములు ఎన్నెన్నియో అందు అంకెలతో చెక్కబడినవి. తెలుగుదేశమును కూడ ఏలిన వంశము వారి పద్దు గనుక దీనిని ముందు చెప్పుచున్నాము. ఆ బ్రాహ్మీ అంకెలలో ఒకటి మొదలు తొమ్మిది వరకు ఒక వరుస గుర్తులు. పది, ఇరువది, ముప్పది మొదలగు వానికి వేరొక వరుస. నూరునకు ఒకటి, వేయికి ఒకటి. 1,700 వ్రాయవలెనన్న వేయి గుర్తు వేసి, ప్రక్కన నూరు గుర్తునకు ఏడు తగిలింపవలెను. ఏ గుర్తు విలువ దానిదే. చోటు మారినంతమాత్రమున అది పెరుగదు. సున్నతో పనియే లేదు.

గడియారములపై నేటికిని కనబడు రోమను అంకెలలోను సున్న లేదు. 1888 వ్రాయుటకు ఆ పద్ధతిలో 13 అక్షరములు కావలెను. వానితో గుణకారము చేయబూనిన వాని కష్టము చెప్పనలవి కాదు. అందువలన లెక్కను బల్లపై గులకరాళ్ళతో చేసికొని, వచ్చిన మొత్తమును మాత్రము అంకెలలో వ్రాసెడివారు.

మన దేశమున పుట్టిన క్రొత్త పద్ధతిలో గుర్తులు పదియే. 5 ఒంటరిగా ఉన్న ఐదు. ప్రక్కన ఒక సున్న చేరిన ఏబది. రెండు చేరిన ఐదువందలు. సున్నతో కూడికలు, తీసివేతలు ఎట్లు చేయవలెనో బ్రహ్మగుప్తుడు 628లో సూత్రములు వ్రాసెను. గ్వాలియరు కోటలోని చతుర్భుజ ఆలయమున 876 నాటి శాసనము ఒకటి ఉన్నది. పురజనులు దేవాలయపు పూలతోటకై 270 హస్తముల పొడవు, 187 హస్తముల వెడల్పు గల భూమిని దానమిచ్చినట్లును, దినమునకు 50 పూలదండలు అందవలెననియు అందు వ్రాయబడినది. 270లోను, 50లోను సున్న స్పష్టముగా కనబడును. ఇంతటి ఘనమైన సున్నను మనము చూచుట రాజుల యుద్ధవార్తలో కాదు, ఊరివారి దానపత్రములో.

ఈ పద్ధతి మేలు మన పెద్దలు నాణెముల విషయమున ప్రత్యక్షముగా చూచిరి. పూర్వము రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. రెండు రూపాయల పన్నెండణాల కూలి చొప్పున తొమ్మిది మందికి ఎంత? తొమ్మిది పన్నెండ్లు నూట ఎనిమిది అణాలు. దానిని పదహారుతో భాగించగా ఆరు రూపాయల పన్నెండణాలు. వెరసి 24 రూపాయల 12 అణాలు. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి నూరు పైసలు వచ్చినవి. 2.75ను 9తో గుణించిన 24.75 తిన్నగా వచ్చును, భాగహారము లేదు. పదహారణాలు మాత్రము పద్దులు విడిచి మాటలలో నిలిచినవి. పదహారణాల తెలుగు అనుచునే ఉన్నాము గదా!

అయితే, ఒక్క సున్నతో మొత్తము పదిరెట్లగు చోట మోసమునకును దారి ఏర్పడును. మన అంకెలు అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరినవి. ఇటలీ దేశస్థుడు ఫిబొనాచి 1202లో వానిని గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. అయినను 1299లో ఫ్లారెన్సు నగరపు ద్రవ్య వర్తకుల సంఘము తన సభ్యులు ఖాతాలలో ఆ అంకెలు వాడరాదని శాసించెను. 0ను 6గానో 9గానో దిద్దుట సులభమగుటయే ఇందుకు కారణమని చరిత్రకారులు చెప్పుదురు.

మన శాసనకర్తలు అంకెలను మాటలలో చెప్పు ఉపాయము నెరుగుదురు. మీ ఊరి దేవాలయపు రాతిపై శకవర్షము పద్యములో ఉన్న చూడుడు. "గగన, వేద, రుద్ర" అన్నచో గగనము సున్న, వేదములు నాలుగు, రుద్రులు పదునొకండు. కుడినుండి ఎడమకు పేర్చిన 1140, అనగా క్రీ.శ. 1218 ప్రాంతము. అంకె చెరిగిన తెలియకపోవచ్చును. పద్యములో మాట మారినచో ఛందస్సే పట్టియిచ్చును.

"అక్షరాల" అని మనము వ్రాయునది ఈ కావలియే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము 18వ సెక్షను ప్రకారము చెక్కులో అంకెలకును అక్షరములకును భేదము వచ్చినచో అక్షరములలోని మొత్తమే ప్రమాణము. 500కు ముందు ఖాళీ విడిచిన ఒకటి చేర్చి 1500 చేయవచ్చును. వెనుక విడిచిన 5000 చేయవచ్చును. కావుననే "రూ." అను దానికి అంటించి అంకె వేసి, చివర అడ్డగీత గీయుదురు. అక్షరముల వరుస ఖాళీగా ఉన్న వోచరు సంతకమునకు వచ్చినపుడు, దానిని నింపించి, సభలో బిగ్గరగా చదివించి, ఆ పిమ్మటనే కలము తీయుడు.