పన్ను తీసిన చోట సొంత నెత్తురు

ఖమ్మమునుండి సత్తుపల్లికి పోవు త్రోవలో, వైరా, తల్లాడ దాటిన పిమ్మట వచ్చు ఊరు కల్లూరు. ఆ చుట్టుపట్ల పల్లెనుండి వచ్చిన ఒక వృద్ధురాలికి క్రింది దవడ చివరి పన్ను తీయవలసి వచ్చినది. ఆమెకు చుట్ట అలవాటు; మధుమేహము కూడ కలదు. పన్ను తీయుటకు ముందు ఆమె చేతినుండి రెండు గొట్టముల నెత్తురు తీయబోగా, చేయి వెనుకకు లాగికొని, “నా నెత్తురు తీసి మళ్ల నాకే పెడతవా సారూ? మరి తీసుడెందుకు?” అని అడిగినది. మేము అప్పటికి నవ్వి ఊరకుంటిమి. తరువాత ఆలోచింపగా, ఈ విషయమున అంతకంటె సరియైన ప్రశ్న లేదని తోచినది. ఈ పూట శ్రోతలకు ఆ ప్రశ్నకే సమాధానము చెప్పుదుము.

పన్ను ఊడదీసిన గుంట మొదట నెత్తురుతో నిండును. కొంతసేపటికి, పాలు తోడుకొన్నట్లు, అది గడ్డకట్టును. దీనిని చెడు నెత్తురని పొరబడి పలువురు మాటిమాటికి ఉమ్మివేయుదురు, పుక్కిలింతురు, నాలుకతో కెలకుదురు. నిజమునకు ఆ గడ్డయే ఎముకకు కప్పు, క్రొత్త కండ ప్రాకుటకు పందిరి. అది ఊడిపోయినచో రెండు మూడు దినములకు ఎముక బయటపడి, చెవిదాక ప్రాకు పోటు పుట్టును. దంతవైద్యులు దీనిని డ్రై సాకెట్ అందురు. క్రింది దవడలోని జ్ఞానదంతములు తీసినపుడు ఈ బాధ ఎక్కువ; పొగ త్రాగువారిలో మరింత ఎక్కువ. పొగాకు పండించి, అడవిలో తునికాకు కోసి బ్రతుకు సీమలో చుట్ట మానుమని చెప్పుట మాకు సులువుగా లేదు. అయినను చెప్పక తప్పదు.

డెంగీ జ్వరముల పుణ్యమా యని ప్లేట్‌లెట్లు అను మాట నేడు ప్రతి ఇంట వినబడుచున్నది. ఆరోగ్యవంతుల నెత్తురులో ఘన మిల్లీమీటరునకు 1,50,000 మొదలు 4,50,000 వరకు ఇవి యుండును. నెత్తురు కారుటను ఆపుటతో వీని పని తీరదు. గాయమైన చోట ఇవి తమలోని కొన్ని మాంసకృత్తులను వెలికి విడుచును. వానివలన చుట్టునున్న కణములు గాయమువైపు కదలి వచ్చి వృద్ధిపొందును. సన్నని రక్తనాళములు క్రొత్తగా మొలచును. కాని మామూలుగా కట్టిన గడ్డలో అధికభాగము ఎఱ్ఱకణములే. గాయము మరమ్మతులో వాని సాయము స్వల్పము. వానిని వేరుచేసి, మరమ్మతుకు పనికివచ్చు భాగమునే చిక్కగా గుంటలో ఉంచుటకు నెత్తురు తీయుట.

1998లో అమెరికాలో రాబర్ట్ మార్క్స్ అను శస్త్రవైద్యుడును ఆయన సహచరులును దవడ ఎముకకు అతుకు వేయునపుడు ఇట్టి చిక్కని ప్లేట్‌లెట్ల ద్రవమును వాడిన అనుభవమును ప్రకటించిరి. ఆ పద్ధతిలో నెత్తురు గడ్డకట్టకుండ ముందొక మందు కలుపవలెను. పిదప గడ్డకట్టించుటకు ఆవునుండి తీసిన థ్రాంబిన్ చేర్చవలెను. 2001లో ఫ్రాన్సు దేశమున జోసెఫ్ షుక్రూన్ బృందము ఈ రెండు చేర్పులను విడిచిపెట్టినది. ఆ సులువు పద్ధతిని పి.ఆర్.ఎఫ్. అందురు.

చేయు విధము ఇది. గొట్టమునకు సుమారు 10 మిల్లీలీటర్ల చొప్పున నెత్తురు తీసి, ఏ మందును కలుపక, వెంటనే గిరగిర త్రిప్పు యంత్రములో పెట్టుదురు. నిమిషమునకు సుమారు 2,700 చుట్ల వేగముతో 12 నిమిషములు త్రిప్పుట ఒక వాడుక. ఇచ్చట జాప్యము పనికిరాదు. నెత్తురు గొట్టములోనే గడ్డకట్టి శ్రమ వృథా యగును. యంత్రము ఆగునప్పటికి బరువైన ఎఱ్ఱకణములు అడుగున చేరును, పైన ఎండుగడ్డి రంగు నీరు తేలును, నడుమ పసుపుపచ్చని జిగురుగడ్డ నిలుచును. మజ్జిగలో వెన్న విడివడుట చూచినవారికి ఇది వింత కాదు. ఆ నడిమి గడ్డను మెల్లగా ఒత్తినచో పలుచని పొర యగును. దానిని గుంటలో ఉంచి పైన కుట్టు వేయుదురు. అందుండి మేలు చేయు మాంసకృత్తులు ఒక వారమునకు పైగా కొంచెము కొంచెముగా వెలువడును.

ఇది సర్వరోగనివారిణి కాదు. జ్ఞానదంతము తీసిన పిదప నొప్పి తగ్గుటకు, చిగురు త్వరగా కూడుకొనుటకు, డ్రై సాకెట్ అరుదగుటకు ఇది తోడ్పడునని పలు పరిశీలనలు చెప్పుచున్నవి. ఎముక ఎక్కువగా పెరుగునా యనుచోట మాత్రము ఫలితములు ఏకముగా లేవు. సొంత నెత్తురే యగుటచే పరుల వ్యాధి అంటు భయము లేదు గాని, గొట్టము, చేయి, పనిముట్టు శుభ్రముగా లేనిచో సొంత నెత్తురు కూడ కాపాడజాలదు. చక్కెర అదుపులో లేనివారికి ముందు దానిని సరిచేయవలెను. గుండెజబ్బునకై నెత్తురు పలుచబరచు మాత్రలు వాడువారు పన్ను తీయించుకొనుటకై వానిని తమంతట తాము మానరాదు. ఆ సంగతి ఇరువురు వైద్యులకును తెలుపవలెను. ప్రతి పంటికిని ఈ ఏర్పాటు అక్కరలేదు. సులువుగా ఊడు పంటికి దూదిని గట్టిగా అదిమిపట్టి, ఆనాడు పుక్కిలింపక, చుట్ట ముట్టక యుండిన చాలును.

ఆ వృద్ధురాలు వారము దినములకు కుట్టు విప్పించుకొన వచ్చినది. చుట్ట మూడు దినములు మాత్రమే మానితినని నిజము చెప్పినది. గుంట చక్కగా కూడుకొనుచున్నది. లేచి పోవుచు, “కింద మిగిలిన ఎర్ర నెత్తురేం జేసిండ్రు సారూ?” అని అడిగినది. దానిని నియమము ప్రకారము పారవేసితిమని చెప్పితిమి. రెండు గొట్టములు కలిపి 20 మిల్లీలీటర్లే, రక్తదానమున ఒక మారు 350 మిల్లీలీటర్లు తీయుదురు, నీకు కొరత రాదని నచ్చజెప్పితిమి. ఆమె చేతి మీది సూది గుర్తును ఒకసారి తడిమి చూచుకొని, కల్లూరు బస్సుకు వేళయైనదని వెడలిపోయినది.