బాల్యములోని గాయము, పెద్దతనములోని మనిషి
(డొంకరాయిలో చేసిన ప్రసంగ పాఠము)



కష్టపడి పెరిగినవాడే గట్టివాడవుతాడని మనలో కొందరంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అని, చిన్నప్పుడు చెడినవాడు ఇక బాగుపడడని మరికొందరంటారు. మొదటి మాట నమ్మితే పిల్లవాని కష్టము తీర్చనక్కర లేదు. రెండవది నమ్మితే తీర్చినా లాభము లేదు. రెండు మాటలూ పెద్దలమైన మన బాధ్యతను తప్పిస్తాయి గనుక రెండింటినీ పరీక్షించి చూద్దాము.

మనకందరికీ తెలిసిన జీవితమొకటి తీసుకొందాము. గుఱ్ఱం జాషువాగారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తలిదండ్రులవి వేర్వేరు కులములు. బాలునికి బడిలోనూ వీధిలోనూ అవమానములు తప్పలేదు. పెద్దయ్యాక నెలకు మూడు రూపాయల జీతముపై మిషనరీ బడిలో పనిచేశారు. ఆ పనీ పోగా, 1915-16లో రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ చదివి పొట్టపోసుకొన్నారు. హిందూ పురాణ కథను కావ్యముగా వ్రాసినందుకు క్రైస్తవ పెద్దలు కూడా ఆయనను దూరము పెట్టారన్న సంగతి మనము దాచిపెట్టరాదు.

అయితే ఆయనను చేరదీసినవారూ ఉన్నారు. బాల్యస్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రిగారి సాంగత్యములో కవిత్వముపై మక్కువ పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు కూర్చోబెట్టి మేఘసందేశము చెప్పారు. 1941 నాటి ‘గబ్బిలం’ చూడండి. గుడిలోనికి రానివ్వని మనిషి, గుడిలోనికి పోగల గబ్బిలముతో కాశీ విశ్వనాథునికి తన మొర పంపుకొంటాడు. అందులోని బాధ చిన్ననాటి వీధి ఇచ్చినది. సందేశము పంపే కావ్యరీతి గురువు చెప్పిన చదువు ఇచ్చినది. బాధ ఒక్కటే అయితే ఆ కావ్యము పుట్టదు. గాయము మానిపోయిందనీ చెప్పలేము. నలుబది అయిదేండ్లు దాటినా అది పలుకుతూనే ఉన్నది. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో పద్మభూషణ్ వచ్చాయి.

ఇది ఒక మహాకవి మాటే కాదు. హవాయి దీవులలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ మొదలైన పండితులు దశాబ్దాల తరబడి గమనించారు. పేదరికము, ఇంటి కలహములు, తలిదండ్రుల త్రాగుడు వంటి పెక్కు కష్టములలో పెరిగిన వారిలో సుమారు మూడవవంతు చక్కని మనుష్యులయ్యారు. వారిలో చాలామందికి అవ్వో, మేనత్తో, ఉపాధ్యాయుడో, మనసిచ్చిన పెద్ద ఒకరు ఉన్నారు. 1998లో అమెరికా వైద్యులు ప్రకటించిన పరిశోధన రెండవ వైపు చూపింది. బాల్యములో కష్టములు ఎన్ని ఎక్కువైతే, పెద్దయ్యాక గుండెజబ్బు, త్రాగుడు, మనోవ్యాకులము అంత ఎక్కువ. ఎందుకంటే, నిత్యము భయములో ఉన్న పిల్లవాని శరీరము దెబ్బ ఎటునుంచి వస్తుందోనని కాచుకొని ఉండడము నేర్చుకొంటుంది. దెబ్బలు ఆగినా ఆ అలవాటు ఆగదు.

ఇక మన సీలేరు ఒడ్డుకు వద్దాము. కొండమీది గూడెముల నుండి పసిపిల్లలు ఆశ్రమ పాఠశాలలకు వస్తారు. ఇంట కువి మాటలాడే పిల్లకు తెలుగు పాఠము మొదట అర్థము కాదు. మాట్లాడనివానిని మొద్దు అంటాము. తిరగబడినవానిని పోకిరి అంటాము. వానికేమి జరిగిందని అడిగేవారు తక్కువ.

అందుచేత నా మనవి ఇది. ఒక్కొక్క పెద్ద ఒక్కొక్క బిడ్డను పేరుపెట్టి పిలవండి, తిన్నావా అని అడగండి, చెప్పేది చివరిదాకా వినండి. ఏడాదికొకసారి పండ్లు పంచిపెట్టడము చాలదు, వారమువారము కనబడాలి. త్రాగి పిల్లలను కొట్టే ఇల్లు మన వరుసలో ఉంటే, అది వారింటి సంగతని ఊరకుండకండి.

ఇక్కడ కూర్చున్న పెద్దలలోనూ అటువంటి బాల్యము గడిపినవారుంటారు. నాడు జరిగినదానిలో మీ తప్పు లేదు. నమ్మకమైన ఒకరితో చెప్పుకోండి, అవసరమైతే వైద్యుని చూడండి. మీరు తిన్న దెబ్బ మీ బిడ్డకు తగలకుండా ఆపితే, ఆ కష్టము మీ తరముతోనే ఆగిపోతుంది.