విద్యార్థి పరిశోధన – ప్రాణరక్షణ

విద్వత్సభలో పత్రము చదువుటకు కళాశాల విద్యార్థికి సాధారణముగా లభించునది పది పదునైదు నిమిషముల కాలము. ఆ స్వల్పవ్యవధిలో తన పరికరము ఎట్లు పనిచేయునో చెప్పవలెను. ఎవరికొరకు నిర్మించినదియు చెప్పవలెను. వారికి నిజముగా ఉపకరించినదా అను ప్రశ్నకు బదులీయవలెను. మానవసేవకు ఉద్దేశింపబడిన సాంకేతికవిద్య కొరకే నేడు ప్రత్యేక సభలు జరుగుచున్నవి. ఇంజనీర్ల సంస్థయైన ఐ.ఇ.ఇ.ఇ. వారు అమెరికాలోని సియాటిల్ నగరమున 2011లో ఇట్టి అంతర్జాతీయ సభను ఆరంభించిరి. పై మూడు ప్రశ్నలలో మూడవదియే కఠినమైనదని మేము తలంతుము. ఇందుకొక దృష్టాంతము చూతము.

నెలలు నిండకముందే పుట్టిన శిశువుల ఊపిరితిత్తులు పరిణతి చెంది యుండవు. గాలితిత్తులు తెరచియుండుటకు తోడ్పడు పదార్థము వానిలో చాలినంత ఉండదు. ఊపిరి విడిచినప్పుడెల్ల అవి ముడుచుకొనిపోవును. క్రొత్త బూరను మొదటిసారి ఊదుట ఎంత కష్టమో మనకు తెలియును. కొంచెము గాలి నిలిచియున్న బూరను ఊదుట సులభము. ఆ పసికందు ప్రతి శ్వాసకును క్రొత్త బూరనే ఊదవలసి వచ్చును. తుదకు అలసిపోవును.

దీనికి చికిత్స, ముక్కుగుండ గాలిని కొద్దిపాటి ఒత్తిడితో ఎడతెగక పంపుట. వెలుపలికి వచ్చు గొట్టపు కొనను నీటిసీసాలో ముంచుదురు. ఎంత లోతున ముంచిన, అంత ఒత్తిడి ఊపిరితిత్తులలో నిలుచును. నీటిలో బుడగలు వచ్చుచుండుటను చూచి, పరికరము పనిచేయుచున్నదని నర్సు గ్రహింపగలదు.

సంపన్నదేశముల ఆసుపత్రులలో ఇట్టి యంత్రమునకు సుమారు 6,000 డాలర్లు అగుచుండగా, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు తమ అధ్యాపకుల సహాయముతో, చేపల తొట్టెలకు గాలి నందించు చిన్న పంపులను అమర్చి, కొన్ని వందల డాలర్లకే దానిని నిర్మించిరి. ఆఫ్రికాలోని మలావీ దేశమున, బ్లాంటైర్ నగరపు క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో దానిని పరీక్షించిరి. నిర్మాణ వివరములు 2013లోను, చికిత్సా ఫలితములు 2014లోను ప్రకటింపబడినవి. ఈ యంత్రముతో చికిత్స పొందిన 62 మంది శిశువులలో 44 మంది బ్రతికిరి. ఆక్సిజను మాత్రమే పొందిన 25 మందిలో 11 మంది బ్రతికిరి.

ఈ అంకెలు ఆశాజనకములు. అయినను ఇట్టి ఫలితములను సభలో వినిపించు విద్యార్థి మరి రెండు మాటలు చెప్పవలెను. యంత్రము అమర్చినను 18 మంది శిశువులు దక్కలేదు. శిశువులను చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా రెండు వర్గములుగా విభజింపలేదు; కనుక వ్యత్యాసమంతయు యంత్రము వలననే కలిగినదని నిశ్చయింపరాదు. ఈ మాటలు చెప్పినచో ప్రశంస కొంత తగ్గవచ్చును. చెప్పకున్నచో, విన్నవారు ఆ యంత్రముపై మితిమీరిన నమ్మకముంచి, వేరు జాగ్రత్తలు మానివేయవచ్చును. అమ్మకపు సరకును గూర్చి అతిశయోక్తి పలికినచో కొనువాని ధనము పోవును. ప్రాణరక్షణ సాధనమును గూర్చి పలికినచో ప్రాణమే పోవచ్చును.

మన ఇండ్లలోను ఇంజనీరింగు చదువుచున్న పిల్లలు పెక్కుమంది కలరు. తాము చేసిన నమూనాను ప్రదర్శించి వారు బహుమతి తెచ్చినప్పుడు మనము సంతోషింతుము, అది సహజము. అప్పుడే వారిని చేరదీసి మరికొన్ని సంగతులు అడుగుట మంచిది. దీనిని ఎవరు వాడి చూచిరి? చెడిపోయినచో ఆ ఊరిలోనే బాగుచేయగలవారున్నారా? దీనివలన మేలు పొందనివారు ఎందరు? బదులు వెదకుటకు వారు మరల ఆసుపత్రికో పల్లెకో పోవలసి యుండును. అట్లు పోవుటయే వారి చదువులో ముఖ్యభాగము.